ఊడ్చిన దారిలో కణుజు జాడ

గిట్టల గుర్తులు చదవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకునేదాన్ని. నర్మెట్ట దగ్గర మా పల్లెలో బర్రెల వెనకాల తిరిగి పెరిగినదాన్ని మరి. తడి బాటలో పడ్డ గుర్తు చూసి అది మా బర్రెదో పెదనాయిన వాళ్ల బర్రెదో మా బాపు చెప్పేవాడు. పదేళ్లు వచ్చేసరికి నేనూ చెప్పేదాన్ని, పందెం కాసి మరీ గెలిచేదాన్ని. అందుకే అటవీశాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చినప్పుడు, ఇందులో నాకొకరు నేర్పేదేముందిలే అని కాస్త ఎగిరాను.

ఎగిరి ఏం లాభం? మొదటి నాలుగేళ్లు గార్ల వైపు నర్సరీలో నల్ల కవర్లలో మట్టి నింపించడం, ఆ తర్వాత మరిపెడ రోడ్ల పక్కన మొక్కలకు ట్యాంకర్‌తో నీళ్లు పోయించడం, ఎండిపోయినవాటికి సంజాయిషీ చెప్పుకోవడం. ఇదే నా అడవి. పోయినేడు భూపాలపల్లి వైపు గుట్టల బీట్‌కు బదిలీ అయ్యాక గానీ నిజమైన అడవి మొహం చూడలేదు.

చేరి ఆరు నెలలైనా కాకముందే మా రేంజ్ సార్ పిలిచి ఒక పని చెప్పాడు. "ఆ గుట్ట మీద కణుజులున్నయా లేవా, పోయి చూసి రాసియ్యి. ఉంటే ఈ ఎండాకాలం నుంచి పశువులు ఎక్కకుండ బంద్ పెడదాం. లేకుంటే ఎట్లున్నది అట్లనే ఉండనీ."

కణుజు అంటే దుప్పుల్లోకెల్లా పెద్దది. ఇంచుమించు ఆవంత ఎత్తు, గోధుమ రంగు, మగదానికి కొమ్మలు కొమ్మలుగా కొమ్ములు. నేను జూలో తప్ప ఎక్కడా చూడలేదు. అవి మనిషి కంట పడవు కాబట్టి జాడలు చూసే రాయాలి. గిట్టలు, పెంటికలు, కొమ్ములతో రాపాడిన చెట్లు. కాగితం చివర ఊరి మనిషి ఒకరి సాక్షి సంతకం కూడా ఉండాలి. సరే సార్ అని సెల్యూట్ కొట్టి వచ్చేశాను.

తోడు రావలసిన మా వాచర్ అన్నది ఆ గుట్ట కింది ఊరే, అతనికి సరిగ్గా ఆ రోజే జ్వరం. మంచంలోంచే చెప్పాడు. "ఆ గుట్ట మీద రాయి రాయి ఎర్కున్నది ఒక్క అవ్వకే మేడమ్. ఆమెను తీస్కపో."

అవ్వ అంటే ఆ ఊళ్లో బర్రెలు మేపుకునే ముసలమ్మ. డెబ్బై దాటి ఉంటాయి. తొమ్మిది బర్రెలు, ఒక దుడ్డె, అంటే బర్రెదూడ, ఇవే ఆమె సంసారం. ఊరి చుట్టూ గట్ల దాకా పత్తీ మిర్చీ వేశారు, కాలు పెట్టే జాగా లేదు. మేతకు ఆ గుట్టే దిక్కు. నేను వచ్చిన పని ఆమెకు ముందే తెలుసు, చెప్పడానికీ మొహమాటపడలేదు.

"గుట్ట బందైతే నా బర్లను అమ్ముకునుడే బిడ్డా. ఇగ నేనెందుకు, నన్ను గూడ అమ్ముకోండ్రి," అంది.

సార్‌కు ఫోన్ చేసి ఫలానా అవ్వను తీసుకుపోతున్నానంటే పకపకా నవ్వాడు. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే అన్నాడు. నాకు రోషం వచ్చింది. బర్రెల గుర్తేదో కణుజు గుర్తేదో నాకు ఒకరు చెప్పాలా?

ముందు రోజు సాయంత్రం చిన్న వాన పడి నేల మెత్తగా ఉంది. గుట్ట ఎక్కాలన్నా దిగాలన్నా రెండు బండల మధ్య సందు ఒక్కటే తోవ, మనిషి పట్టేంత, బర్రె ఒరుసుకుంటూ పోయేంత. ముందు నేను దూరి పైకి నడిచాను, నా వెనక బర్రెలు ఒక్కొక్కటే వచ్చాయి. అవ్వ మాత్రం అక్కడే కాసేపు ఆగిపోయింది. ముసలి మనిషి, ఆయాసం కాబోలు అనుకుని నేను ఎదురుచూడలేదు.

ఎక్కుడులో పావుగంట నడిచామో లేదో, కాళ్ల ముందు గుర్తు! మొన తేలి ఉంది, గిట్ట చీలిక సన్నగా ఉంది. జేబులోంచి సార్ ఇచ్చిన బొమ్మల కార్డు తీసి పక్కన పెట్టాను. అచ్చు గుద్దినట్టు అదే.

"అవ్వా, ఆగు! కణుజు!"

అవ్వ వంగనైనా వంగలేదు. "దుడ్డె," అంది.

"దుడ్డె గుర్తు నాకు తెల్వదా అవ్వా? బర్ల కాడ పుట్టి పెరిగిన నేను. దుడ్డెది గుండ్రంగుంటది."

"బల్లపరుపు మీద గుండ్రంగనే ఉంటది. ఎక్కుడు మీద ముందలి మొనలు దిగుతయ్, ఎనక భాగం లేస్తది. మీ దిక్కు గుట్టల్లేవేమో బిడ్డా."

నేను ఒప్పుకోలేదు. ఫోటో తీస్తున్నాను, పెన్ను పక్కన పెట్టి కొలత చూస్తున్నాను, ఇంతలో పొద చాటు నుంచి దుడ్డె రానే వచ్చింది. వచ్చి, నా చేతిలో కార్డు వాసన చూసి, మరో నాలుగు అవే గుర్తులు వేసి పైకి పోయింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పప్పులో కాలేశాను. చదునైన ఊళ్లో నేర్చిన చదువు కదా, గుట్ట ఎక్కేసరికి అక్కరకు రాలేదు.

అక్కడితో నా ధైర్యం పోయింది. ఆ తర్వాత ఏది చూసినా అనుమానమే. కాస్త పైన ఒక బండ పక్క పెంటికలు కుప్పగా కనిపించాయి, రేగ్గింజలంత ఉన్నాయి.

"మేక," అంది అవ్వ.

"ఇంత పెద్దవా?"

"ముసలి మేక."

ఎగతాళి చేస్తోందో నిజం చెబుతోందో అంతు చిక్కలేదు. నోటు పుస్తకంలో 'కణుజు' అని రాశాను, కొట్టేసి 'మేక' అని రాశాను, దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

ఇంకాస్త పైకి పోతే ఒక మద్ది చెట్టు. నా ఛాతీ ఎత్తున బెరడు లేచిపోయి ఉంది. నిలువుగా గీతలు, జిగురు ఇంకా తడిగానే ఉంది. అవ్వ ఆ చెట్టు దాటి నడుస్తూ, తల తిప్పకుండానే, "బర్లు ఒర్సుకున్నయ్," అంది.

బర్రె ఒరుసుకుంటే బురద అంటుతుంది, వెంట్రుకలు అంటుతాయి, చెట్టు నున్నబడుతుంది. ఇంత మాత్రం నాకూ తెలుసు. ఇక్కడ బురదా లేదు, వెంట్రుకా లేదు. మరి గీతలెలా వచ్చాయి? అడుగుదామని నోటి దాకా వచ్చింది. కానీ ఇందాకటి దుడ్డె కళ్ల ముందు మెదిలింది. మళ్లీ ఏ బర్రో వచ్చి నా ముందే అదే చెట్టుకు ఒరుసుకుంటే నా పరువేం గాను? నోరు మూసుకుని 'బర్రె' అని రాసుకున్నాను. నా పుస్తకం ఒకటో తరగతి పిల్ల పలకలా తయారైంది, రాసిందానికంటే కొట్టేసింది ఎక్కువ.

మధ్యాహ్నం ఒక ఊట దగ్గర కూర్చున్నాం. నా డబ్బాలో ఉప్మా పులిసిపోయి వాసన కొడుతోంది. అవ్వ తన మూటలోంచి జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం తీసి సగం నా చేతిలో పెట్టింది. వద్దంటే వినలేదు. ఆకలి మీదున్నానేమో, ఆ రొట్టె రుచి ఇప్పటికీ నాలుక మీదుంది.

"మీ బాపు బర్లను ఏం జేసిండు?" అని అడిగింది.

"అమ్మిండు అవ్వా, నేను ఇంటర్‌ల ఉన్నప్పుడు. మేపనీకి జాగ లేకుండె."

"మరి పాలు పిండే యాళ్లకు ఏం జేసిండు?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. కొన్నాళ్ల పాటు బాపు తెల్లారుజామునే లేచి ఖాళీ కొట్టం ముందు నిలబడి బీడీ కాల్చేవాడు. పని లేదు కదా, పడుకోరాదూ అని మా అమ్మ కసిరేది. ఈ సంగతి అవ్వకు చెప్పాను. అవ్వ రొట్టె నములుతూ తన బర్రెల వంక చూసింది. ఈ గుట్ట మీద కణుజులు ఉండాలని కోరుకోవాలో, ఉండకూడదని మొక్కుకోవాలో తెలియకుండా పోయింది.

మూడు గంటలప్పుడు అవ్వ బర్రెలను పిలవడం మొదలుపెట్టింది. ఇంతవరకు నమ్మకంగా రాసుకున్నది ఒక్కటి లేదు. సార్‌కు ఏం చెప్పాలో తోచక, సిగ్నల్ కోసం పైన ఒక బండ ఎక్కాను. సిగ్నల్ రాలేదు. కిందికి చూశాను కదా, అవ్వ ముళ్ల కంప ఒకటి పట్టుకుని మేం వచ్చిన బాటను అటూ ఇటూ ఊడుస్తోంది. ఇల్లు ఊడ్చినంత శ్రద్ధగా, ఒక్క గుర్తు మిగలకుండా.

అరికాలి మంట నెత్తికెక్కింది. బండ మీద నుంచి ఎలా దిగానో నాకే తెలియదు.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?"

"ఊడుస్తున్న."

"అదే, ఎందుకు?"

"రోజూ ఊడుస్త."

"రోజూనా, నేనొచ్చిన్నాడేనా? జాడలు చెరిపేస్తున్నవ్ గదా! పొద్దట్నుంచి దుడ్డె అంటివి, మేక అంటివి, బర్రె అంటివి. నేను పిచ్చిదాన్ని, అన్నిటికీ తలూపిన. దొంగపని గిది, దొంగపని! కేసు రాస్త, తెల్సా?"

ఆమె కంప కింద పడేసింది. తర్వాత కర్ర తీసుకుని బర్రెల వెనక నడిచింది. నేను పదడుగులు వెనకగా, పళ్లు నూరుకుంటూ, మనసులో రిపోర్టు రాసుకుంటూ దిగాను. కణుజులున్నాయి, లేకపోతే దాచడం ఎందుకు? ఈ ఒక్క ముక్క చాలు అనుకున్నాను. మరుక్షణమే, చూడనిదాన్ని ఉందని ఎలా రాస్తాను అనుకున్నాను. ఆమె పెట్టిన కారం వాసన నా చేతికింకా వస్తూనే ఉంది.

రెండు బండల సందు దగ్గరికి వచ్చేసరికి అవ్వ చకచకా ముందుకు పోయి, ముందు బర్రె మూతికి అడ్డంగా కర్ర పెట్టింది. "హో, హో!" అని అదిలించింది. ఇంటి దారి పట్టిన బర్రెలు ఆగుతాయా? తొమ్మిదీ ఒకదాని మీద ఒకటి తోసుకుంటున్నాయి. అవ్వ వాటికి వీపు ఆనించి కాళ్లు నిలదొక్కుకుంది.

"ఇంకేం నాటకం?" అన్నాను.

"రా. వచ్చి చూస్కో. శాన సేపు ఆపలేను."

బర్రెలను తప్పించుకుని ముందుకు పోయి చూశాను. సందులో మన్ను మీద కంప గీతలు విసనకర్రలా పరుచుకుని ఉన్నాయి. ఆ గీతల మీద గుర్తులు. చదును నేల, ఎక్కుడూ లేదు దిగుడూ లేదు, అయినా మొన తేలి ఉన్నాయి. నా అరచేయంత పొడవు. వాటి పక్కనే రెండు వేళ్ల వెడల్పు లేని చిన్న గుర్తులు, పెద్దదాన్ని ఒరుసుకుంటూ. రెండూ వాగు వైపు దిగిపోయాయి.

అయినా నోరు ఊరుకోదు కదా, "నీ దుడ్డెవి కావు గద?" అన్నాను.

"నా దుడ్డె ఇగో, నా ఎన్కనే ఉన్నది. పొద్దుగాల బర్లన్నీ ఎక్కినంక ఊడ్చిన. మల్ల నావి గాని, ఊరోళ్లయి గాని ఒక్కటి దిగలే. మనం పైన దేవులాడుతుంటే మన సప్పుడుకు ఇవి కిందికి దిగినయ్."

"మరి ఊడ్చుడెందుకు?"

"చిర్తపులి వచ్చి సందుల కూసున్నదా, నా బర్రె ఏదన్న తప్పిపోయిందా, దిగేటప్పుడు ఎర్కైతది. పైన ఊడుస్తె రాత్రి ఎవరొచ్చిండ్రో పొద్దుగాల ఎర్కైతది. ఇరవయ్యేండ్ల సంది గిదే పని. నువ్వేమో దొంగపని అంటివి."

భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. ఆమె ఊడ్చింది జాడలు చెరపడానికి కాదు, కొత్త జాడ పడితే తెలియడానికి. నేలను పలకలా తుడిచి పెట్టుకునే మనిషిని పట్టుకుని కేసు రాస్తానన్నాను.

ఫోటోలు తీశాను, కొలతలు రాసుకున్నాను. రాసుకున్నాక గానీ అసలు సంగతి తలకెక్కలేదు. దుడ్డెను వదిలేసినా, తొమ్మిది బర్రెలకు ముప్పై ఆరు కాళ్లు. ఆమె కర్ర పక్కకు తీసి ఉంటే చాలు, క్షణంలో అంతా బురద. నేను పదడుగులు వెనక ఉన్నాను, నాకు తెలిసేదే కాదు.

"ఎందుకు చూపిచ్చినవ్ అవ్వా? బర్లను పోనిస్తే అయిపోతుండె గద."

అవ్వ గొంతు మొదటిసారి లేచింది. "పొద్దున ఆ మద్ది చెట్టు కాడ అబద్ధమాడిన. అది కణుజు కొమ్ముల రాపిడే. అప్పుడు నన్ను దొంగ అనకపోతివి. నా పని నేను జేస్కుంటుంటే అంటివి. గందుకే." తర్వాత కొంచెం మెల్లగా అంది. "పిల్లతల్లి గూడ గదా. దాని అడుగుల మీద తొక్కియ్యనీకి మనసొప్పలే."

"మరి పెంటికలు?"

"మేకయే."

"నిజంగ?"

"నాకేం ఎర్క? కొలువు నీది."

బర్రెలు ఇక ఆగలేదు. ఆమె పక్కకు జరిగింది, అవి ఆ గుర్తుల మీదుగానే దడదడా దిగిపోయాయి. 

కింద గట్టు మీద కూర్చుని కాగితం నింపాను. ఏమి రాశావో చదవమంది. తల్లి కణుజు ఒకటి, పిల్ల ఒకటి అని చదివాను. తలూపింది. సాక్షి అని ఖాళీ ఉన్న చోట పెన్ను ఆగిపోయింది.

"వేలిముద్ర పెడ్తవా అవ్వా?"

ఆమె బొటనవేలు చూసుకుంది. "నా ముద్ర ఉన్నదంటే ఊరోళ్లు నన్ను బతకనియ్యరు బిడ్డా. బర్లు నా ఒక్కదానియే కావు. అందరియి గా గుట్ట మీదనే మేస్తయ్."

కక్కలేక మింగలేక కూర్చున్నాను. కాగితం చించేయొచ్చు, ఫోటోలు తుడిచేయొచ్చు. ఏమీ దొరకలేదు సార్ అంటే సరి, సార్ కూడా నమ్ముతాడు. కానీ తొమ్మిది బర్రెలకు వీపు ఆనించి ఆమె కాపాడిన దాన్ని నేను దాచడమా? అలా అని, ఆ మనిషి బర్రెలను ఆమె చేతి మీదుగానే నేను అమ్మించడమా? ఏది న్యాయమో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. చివరికి జాడ ఉందనే రాశాను. సాక్షి దగ్గర మా వాచర్ అన్న పేరు రాసి, మరునాడు అతని మంచం దగ్గరికి పోయి సంతకం పెట్టించాను. జ్వరంలో ఉన్నవాడు ఏం చూశాడని ఎవరూ అడగలేదు.

సార్ ఆ ఫోటోలను ఆఫీసులో అందరికీ చూపించాడు. "మైదానం పిల్లవైనా మంచిగ పట్టినవ్," అని భుజం తట్టాడు. ఆ జాడ ఎవరు చూపించారో నేను చెప్పలేదు. చెప్తే ఆమెకు చేటు, చెప్పకపోతే మెప్పు నాకు. ఊరికే నవ్వి ఊరుకున్నాను.

నెల తిరక్కుండానే సందు దగ్గర కంచె వేశారు, బోర్డు పెట్టారు. ఆ వారంలోనే ఊరి నుంచి పదీ పన్నెండు మంది ఆడవాళ్లు మా ఆఫీసు ముందుకొచ్చారు. వాళ్లలో అవ్వ ఉంది. అప్పటికే ఆమె బర్రెలు ఏడు అమ్ముడుపోయాయని వాచర్ అన్న చెప్పాడు.

అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. "గుట్ట మీద నా రొట్టె వెట్టిన దీనికి! తిన్నింటి వాసాలు లెక్కవెట్టింది! మా కడుపు గొట్టినవ్ గదనే!" అని నా మొహం మీదే చేయి ఊపింది. మిగతావాళ్లు అవునవునన్నారు. జాడ చూపించింది తనేనని ఊరికి అనుమానం రాకూడదని అలా అరుస్తోందా, లేక నిజంగానే కడుపు మండి తిడుతోందా? ఎక్కడైనా చిన్న సైగ దొరుకుతుందేమోనని ఆమె కళ్లలోకి చూశాను. కళ్లలో నీళ్లున్నాయి. అంతకు మించి నాకేమీ అర్థం కాలేదు.

నిజమెంతో అబద్ధమెంతో ఆమెను అడగడానికి ఇంతవరకు నాకు ధైర్యం చాలలేదు. ఆ రోజు మాత్రం ఆమె అలసిపోయి గొంతు పోయేదాకా, అందరి ముందూ తల వంచుకుని ఆ తిట్లన్నీ తిన్నాను.